తడి గీతల రోజు

పోయిన వారం మీరు నన్ను మైదానం గేటు దగ్గర వదిలి వెళ్ళారు. నా చేతిలో మునిసిపల్ కౌన్సిల్ నుంచి వచ్చిన నోటీసు, ఎదురుగా కోచ్ గారు, చుట్టూ ముప్ఫైమంది ఆడపిల్లలు. నేను నడిపే మహిళా ఫుట్‌బాల్ క్లబ్బు మైదానాన్ని సరిగ్గా వాడటం లేదని ఎవరో పేరు రాయకుండా ఫిర్యాదు పంపారు. అది కోచ్ గారి పనేనని నేను నిమిషంలో తేల్చేశాను. మాకు పోటీగా ఉన్న ప్రైవేటు అకాడమీ గేటులోంచి ఆయన బయటికి రావడం రెండుసార్లు చూశాను మరి. అందరి ముందూ ఆయన మెడలో ఈల తీయించి మా కెప్టెన్ చేతిలో పెట్టాను. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఈల ఇచ్చేసి, "రైట్" అన్నారంతే. బస్సు కదిలిపోయినట్టు అక్కడి నుంచి వెళ్ళిపోయారు.

ఆ "రైట్" వారం రోజులుగా నా చెవుల్లో మోగుతూనే ఉంది. అయినా నేను తప్పు చేశానని అనుకోలేదు. అనుమానం వచ్చాక నేను వెనక్కి తగ్గే రకం కాదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళను అడగండి, కొలత ఒకసారి రాసుకుంటే వాళ్ళు లావయ్యామని మొత్తుకున్నా ఒప్పుకోను.

కౌన్సిల్ ఆఫీసుకి పిలిచిన రోజు పొద్దున్నే మా ఆయన వ్యానులో తీసుకెళ్ళి దింపాడు. ఆయన సరుకులు వేసే వ్యాను నడుపుతాడు. మామూలుగా ట్రాఫిక్ మొత్తానికి తనే బాధ్యుడన్నట్టు అందరినీ తిడుతూ నడుపుతాడు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. నా మీద జాలి కాబోలనుకున్నాను.

క్రీడల అధికారి గది రెండో అంతస్తులో చివరిది. ఒక మూల గాలి లేని బంతుల గుట్ట, ఇంకో మూల ఎవరూ తీసుకెళ్ళని కప్పులు. గోడ మీద నాలుగు క్లబ్బుల వేళల పట్టిక. మైదానం కౌన్సిల్‌ది. పొద్దున నడక సంఘం, మధ్యాహ్నం పెద్దవాళ్ళ క్రికెట్, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మేము, ఆదివారం పరుగు పందేల వాళ్ళు. పట్టికలో మా గడికి మాత్రం పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి ఉంది.

అధికారి నాకంటే పదేళ్ళు చిన్నది. నేను గదిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నన్ను కూర్చోమనే లోపు రెండుసార్లు తలుపు వైపు చూసింది.

"తలుపు వేసి రండి," అంది.

వేసి వచ్చాను.

"మీ క్లబ్బుకి మైదానం పక్కన గది కట్టించమని రాసింది నేను. రిఫరీ శిక్షణకి మీ పిల్లల్ని పంపింది నేను. సున్నం బస్తాలు మన స్టోర్ నుంచి ఇప్పించింది కూడా నేనే. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు మేడమ్? మీరు లేకపోతే మా పిల్లలు ఇప్పటికీ చెట్టు చాటున బట్టలు మార్చుకునేవాళ్ళు."

"అందుకే చెప్తున్నా. రేపు పదింటికి కమిటీ. మీరు పడితే మీతో పాటు నేనూ పడతాను."

సొరుగులోంచి ఒక కవరు తీసి మూడు ఫోటోలు బల్ల మీద వరసగా పెట్టింది. పేకముక్కలు పరిచినట్టు పెట్టింది గానీ ముఖంలో ఆట లేదు.

మూడింటిలోనూ మా మైదానమే. సాయంత్రం ఎండ, గోలుపోస్టుల నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. నరమానవుడు లేడు. కింద మూలన తారీఖులు: పోయిన నెల నాలుగు, పద్దెనిమిది, ఈ నెల రెండు. టైము మూడింటిలోనూ అయిదు దాటింది. అంటే మా వేళ.

"మీ హాజరు పుస్తకం తెప్పించాను," అంది అధికారి. "ఈ మూడు రోజులూ సంతకాలు లేవు. ఒప్పందంలో ఏముంది? రెండు నెలల్లో మూడు సాయంత్రాలు కారణం రాయకుండా ఖాళీగా వదిలితే ఆ వేళ ఇంకొకరికి ఇవ్వచ్చు. సరిగ్గా మూడు. నాలుగు కాదు, రెండు కాదు. ఇది పంపినవాళ్ళకి ఒప్పందం కంఠస్థం అన్నమాట."

నేను ఆ మాట వింటూనే ఉన్నాను గానీ చూపు ఫోటోల మీదే ఉంది. బట్టలో ఒక్క పోగు పక్కకి పోయినా నా కంటికి ఆనుతుంది. ఆ మూడు ఫోటోల్లోనూ ఏదో మరీ శుభ్రంగా ఉంది. రోజూ చూసే మైదానం అలా ఉండదు. గీతలు మాసిపోయి, మధ్య వృత్తం సగం చెరిగిపోయి ఉంటుంది. ఇక్కడ గీతలు మెరుస్తున్నాయి. వృత్తం కొత్త పళ్ళెంలా ఉంది.

"మేడమ్!" అని లేచి నిలబడ్డాను. "ఇవి తడి గీతల రోజులు!"

ఆవిడకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది, మాకు తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. మా గీతల తాత సంగతి చెప్పాను. ఆయన మైదానానికి సున్నం గీతలు వేస్తాడు. పొడి సున్నం చల్లితే గాలికి పోతుందని నీళ్ళలో కలిపి, మేకులు పాతి, తాడు లాగి, వంగి వంగి వేస్తాడు. ఎన్నో ఏళ్ళ కిందట ఒక పిల్ల తడి సున్నంలో ఉత్తకాళ్ళతో పరుగెత్తి పాదాలు పొక్కించుకుంది. ఆనాటి నుంచి ఆయన ఒకటే నియమం పెట్టాడు. గీతలు వేసిన సాయంత్రం మైదానంలో చీమ కూడా అడుగు పెట్టకూడదు. గేటుకి అడ్డంగా తాడు కడతాడు. పిల్లలు తాడు చూసి ఇళ్ళకు పోతారు. గది తాళం కూడా తీయం. గదిలోనే హాజరు పుస్తకం. ఇంక సంతకాలెక్కడివి?

"అయితే కారణం అని ఒక గడి ఉంది కదండీ పుస్తకంలో? మర్నాడైనా రాయచ్చుగా?"

పన్నెండేళ్ళలో ఎవరికీ తట్టలేదు. గీతల రోజు ఆట ఉండదని రాయడం మాకు, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నామని రాయడం లాంటిది. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాం. ఆ అందరిలో కౌన్సిల్ లేదని మాకు గుర్తు రాలేదు.

అధికారి ముఖం కొంచెం విప్పారింది. "సరే. తాత చేత తారీఖులు రాయించి సంతకం పెట్టించండి. కమిటీ ఒప్పుకోవచ్చు. కానీ ఇంకో ప్రశ్న అడుగుతారు. ఈ ఫోటోలు తీసింది మీ క్లబ్బు మనిషేనా అని. మీలో మీకు గొడవలున్నాయని తెలిస్తే మాత్రం కష్టం. కిందటేడు ఈత క్లబ్బు రెండుగా చీలితే ఏం చేశారో చూశారుగా? ఇద్దరికీ లేకుండా తాళం వేశారు. వారం రోజుల కింద మీరు కోచ్‌ని గేటు దగ్గర..."

"మీదాకా వచ్చిందా?"

"నాదాకా రానిది ఏముంటుందండీ?" అని రెండో ఫోటో నా వైపు జరిపింది. "పైనుంచి తీశారు. మేడ మీద నుంచో, కిటికీలోంచో. ఇక్కడ ఎడమ అంచున చూడండి, పసుపు రంగులో ఏదో వేలాడుతోంది. రిబ్బనేమో. మీకేమైనా తెలుసా?"

చూశాను.

మసకగా ఒక పసుపు పట్టీ. దాని కొసన వేలిగోరంత ఎరుపు.

"తెలీదు మేడమ్," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి రెండు క్షణాలు ఎక్కువే చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. ఫోటోలు నా ఫోనులో తీసుకుంటానంటే వద్దనలేదు. మెట్లు దిగుతూ మళ్ళీ ఫోను తెరిచి చూశాను. అది రిబ్బను కాదు. అది నా కొలతల టేపు. కొసన ఇనుప ముక్క ఊడిపోతే ఎర్ర గుడ్డ పెట్టి నేనే కుట్టాను. ఎప్పుడూ నా షాపు కిటికీ గొళ్ళానికే వేలాడుతుంది.

మా ఇల్లు మైదానానికి రోడ్డు అవతల. కింద కాపురం, మేడ మీద ఒకే ఒక గది. అదే నా షాపు. బస్సు దిగినదాన్ని దిగినట్టు మేడెక్కి కిటికీ ముందు నిలబడి ఫోను పైకెత్తాను. గోలుపోస్టు, వృత్తం, గేటు, ఎడమ వైపు టేపు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టు నా ముందు కూర్చుంది. మా ఇంట్లోంచే. నా కుర్చీ దగ్గర నిలబడే. నేను దారాలు, బొత్తాలు సర్దుకునే చోట నిలబడి ఎవరో నా గొంతు కోశారు.

అప్పుడు మొదలైంది అసలు బాధ. కుట్టించుకునేవాళ్ళు నేను ఉన్నప్పుడే వస్తారు. ఎప్పుడంటే అప్పుడు ఈ గదిలోకి వచ్చేది నలుగురం. నేను, మా అత్తగారు, మా ఆడపడుచు, మా ఆయన. అనుమానించడానికి మనుషులు తక్కువైతే ఇంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. పరాయివాళ్ళయితే ఎంతమందినైనా అనుమానించచ్చు, హాయిగా నిద్ర పడుతుంది. గోడకి తగిలించిన జెర్సీల వంక చూశాను. తొమ్మిదో నంబరు మా ఆడపడుచుది. కెప్టెన్ పట్టీ నేనే కుట్టాను. మా పెళ్ళినాటికి ఆమెకి పదేళ్ళు. ఈ క్లబ్బు పెట్టిందే ఆమె కోసం. ఈ మైదానం పోతే ముప్ఫైమంది పిల్లలతో పాటు నా పన్నెండేళ్ళూ పోతాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ముక్కు చీదుకుని లేచేసరికి గుమ్మంలో అత్తగారు.

"ఏమన్నారమ్మాయ్ ఆఫీసులో?"

చేతిలో బొత్తాల డబ్బా. శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి సూదిలో దారం ఎక్కించొద్దన్నానని, బొత్తాలు రంగుల వారీగా ఏరి పెడుతుంటుంది. తెల్లవాటిలో సగం లేతపసుపువి కలిపేస్తుంది. నేను మళ్ళీ ఏరుకుంటాను. ఇద్దరికీ కాలక్షేపం.

ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. మైదానం గుర్తుపట్టింది. తర్వాత టేపు గుర్తుపట్టింది. నేను ఆవిడ ముఖాన్నే చూస్తున్నాను. ఆశ్చర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. ఫోను బల్ల మీద పెట్టి, మెల్లగా నా కుర్చీలో కూర్చుంది.

"నేనే తీశాను," అంది.

"అత్తయ్యా!"

"అరవకు. నేనే తీశాను, నేనే పంపించాను. దాని మోకాలు నువ్వు చూశావా? ఆ ఆట మొదలెట్టిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు పడిందో లెక్కుందా? రాత్రిళ్ళు గుడ్డ తడిపి కట్టుకుంటుంది, నీకు చెప్పొద్దంటుంది. కన్నదాన్ని, చూస్తూ ఊరుకోమంటావా? మైదానం పోతే ఆట పోతుంది. ఆట పోతే మోకాలు దక్కుతుంది. అంతే."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. అంతలోనే చల్లారిపోయింది. కోపం తెచ్చుకుందామంటే ఎదురుగా ఉన్నది తల్లి. జాలి పడదామంటే అవతల ముప్ఫైమంది పిల్లలు, మెడలో ఈల లేని కోచ్ గారు.

"ఫోటోలు తీయడం మీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పాలి? ఈ రోజుల్లో చంటిపిల్లలు తీస్తున్నారు."

"మూడూ మీరే తీశారా?"

"మూడూ నేనే."

"రెండోది కూడా?"

"చెప్తుంటే! రెండోదీ నేనే, మూడోదీ నేనే."

నేను గోడ మీద కేలండరు దగ్గరికి వెళ్ళాను. ఎవరి బట్ట ఎప్పుడివ్వాలో రాసుకునే కేలండరది. పోయిన నెల కాగితం వెనక్కి తిప్పాను. పద్దెనిమిదో తారీఖు గడిలో నా రాతే ఉంది. ఆ రోజు బట్టలేవీ లేవు. పెద్దక్షరాలతో ఒకటే మాట రాసి ఉంది. 'కన్ను'.

"పద్దెనిమిదిన మీకు ఆపరేషన్ అత్తయ్యా. సాయంత్రం అయిదింటికి మీరు ఆస్పత్రి మంచం మీద కంటికి గంతలు కట్టుకుని, కాఫీలో చక్కెర లేదని నర్సుని సాధిస్తున్నారు. నేను మీ పక్కనే ఉన్నాను. మీ అబ్బాయి మందులకి వెళ్ళొచ్చి మంచం పక్కనే ఉన్నాడు."

ఆవిడ బొత్తాల డబ్బా మూత పెట్టింది. మూత సరిగ్గా పడలేదు. మళ్ళీ పెట్టింది.

ఆ రోజు ఆస్పత్రికి రానిది ఇంట్లో ఒక్కరే. పొద్దున గడపలో నిలబడి, "ఈ రోజు ప్రాక్టీసు మానకూడదు వదినా, రేపొచ్చి అమ్మని చూస్తా," అన్న మాట నాకు ఇప్పుడు వినిపించింది. ఆ పూటే గీతల తాత వచ్చి, ఈ రోజు గీతలేస్తున్నానమ్మా అని చెప్పి వెళ్ళాడు. ఆస్పత్రి సంచీ సర్దుకునే హడావుడిలో నేను తలూపాను. ఈ రెండు మాటలూ ఒకే పొద్దున, ఒకే గడపలో విన్నాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఆ రోజు ప్రాక్టీసే లేదు.

అప్పుడే కింద మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టు, ఆగడం. ఇంకో మెట్టు, ఆగడం. రెండేసి మెట్లు దూకుతూ ఎక్కే పిల్ల. ఎన్నాళ్ళయిందో ఇలా ఎక్కబట్టి! మిషను చప్పుడులో నాకు వినపడనే లేదు.

అత్తగారు గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"దాన్నేమీ అడక్కు తల్లీ. అడిగితే నిజం చెప్పేస్తుంది."

అప్పటికే ఆమె గుమ్మంలో ఉంది. ఆడపిల్లలందరికీ కెప్టెన్, మెడలో కోచ్ గారి ఈల. నా ముఖం చూసింది, వాళ్ళమ్మ ముఖం చూసింది, బల్ల మీద వెలుగుతున్న ఫోను చూసింది. నేను అడిగాను. అడగకుండా ఉండటం నా వల్ల కాదు.

"పద్దెనిమిదో తారీఖు సాయంత్రం ఎక్కడున్నావు కెప్టెన్?"

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని మూడు ఫోటోలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. భయపడుతుందనుకున్నాను, బుకాయిస్తుందనుకున్నాను. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో ఇంకా భయం వేసింది.

"ఇక్కడే ఉన్నా వదినా. డాక్టరు ఇంక ఆడొద్దన్నాడు. రెండు నెలలైంది. నీకెలా చెప్పాలో తెలీలేదు. ప్రాక్టీసులో బూట్లేసుకుని అంచున నిలబడి అరుస్తున్నా, ఎవరూ కనిపెట్టలేదు. కోచ్ గారు కనిపెట్టారు. ఆ అకాడమీలో మోకాళ్ళు చూసే డాక్టరున్నాడని నా రిపోర్టులు పట్టుకుని రెండుసార్లు తిరిగారు పాపం. ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చారు. అందుకే నువ్వు ఈల తీయించినా నోరు విప్పలేదు."

రైట్, అని వెళ్ళిపోయిన మనిషి వీపు నాకు కనిపించింది. ఆ క్షణంలో నేను ఎక్కడైనా దాక్కోగలిగితే దాక్కునేదాన్ని.

"మరి ఇవి?" అన్నాను ఫోను చూపించి.

"గీతలేసిన రోజు నేనూ మైదానం ఒకటే వదినా. ఎవరూ ఆడరు, నేనూ ఆడను. ఆ ఒక్క రోజూ నాకు ఏడుపు రాదు. అంత తెల్లగా, అంత అందంగా ఉంటుందని తీసుకున్నా. దాచుకుందామని." మెడలోంచి ఈల తీసి నా కుట్టుమిషను మీద పెట్టింది. "తీసింది నేనే. కానీ ఆఫీసుకి పంపింది నేను కాదు. ఒట్టు."

"నీ ఫోనులో ఉన్నవి ఆఫీసుకెలా వెళ్ళాయి?"

"ఒక్కరికే పంపాను."

అత్తగారు లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఎవరికని నేను అడగకముందే ఆవిడకి తెలుసని, ఇందాక తప్పు తన మీద వేసుకున్నది ఒక్క కూతురిని కాచుకోవడానికే కాదని నాకు ఆ వీపు చూస్తే అర్థమైంది. ఒప్పందం కాగితం నా సొరుగులో నలిగిపోతోందని, పోయిన నెలే తీసుకెళ్ళి రెండు జిరాక్సులు తీయించి తెచ్చిన మనిషి గుర్తొచ్చాడు. ఒకటి నాకిచ్చాడు. రెండోది ఏమైందని నేను అడగలేదు.

"ఎవరికి?" అన్నాను, తెలిసి కూడా.

"అన్నయ్యకి."

కింద వ్యాను ఆగింది. ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కొట్టి, కౌన్సిల్ స్టోర్ నుంచి సున్నం బస్తాలు తెచ్చాను, దించడానికి ఓ చెయ్యి వెయ్యమని మా ఆయన నన్ను పిలిచాడు.